ఫోన్‌లో ఏఆర్: దుకాణంలోని వస్తువును కొనేవాళ్ల హాల్లో అసలు కొలతలతో చూపించడం ఎలా?

"ఏఆర్ పెట్టించాలంటే యాప్ చేయించాలా? ఎంతవుతుంది?" ఫర్నిచర్ దుకాణాలవాళ్లు, ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఒక్క వస్తువుతో మొదలుపెట్టేవాళ్లకు యాప్ అక్కర్లేదు. ఏఆర్ పనిచేసే ఫోన్, మామూలు ల్యాప్‌టాప్, కొలత టేపు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇందులో చెప్పినవన్నీ చేశాక మీ చేతిలో ఒక లింకు ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే, కూకట్‌పల్లిలోనో నాగోల్‌లోనో ఉన్నవాళ్లు తమ ఫ్లాట్‌లో నిలబడి, మీ దుకాణంలోని భోషాణం సోఫా పక్కన పడుతుందో లేదో చూసుకోవచ్చు. చుట్టూ తిరిగి చూడొచ్చు, దగ్గరికి వెళ్లి చెక్క గీతలు చూడొచ్చు.

ఏఆర్ అంటే ఆగ్మెంటెడ్ రియాలిటీ: కెమెరాలో కనిపించే మీ గదిలోనే, అక్కడ లేని వస్తువును ఉన్నట్టుగా నిలబెట్టడం. వర్చువల్ రియాలిటీలో గది మాయమై ఇంకో లోకం వస్తుంది. ఇక్కడ గది గదిలాగే ఉంటుంది, అందుకే కొలత అన్నిటికంటే ముఖ్యం. మూడున్నర అడుగుల పెట్టె నాలుగున్నర అడుగులు ఉన్నట్టు కనిపిస్తే, బొమ్మ ఎంత అందంగా వచ్చినా కొనేవాళ్లకు నష్టం, మీకు చెడ్డపేరు. కింద చెప్పే పనుల్లో సగం ఆ కొలత చెడకుండా చూసుకోవడానికే.

## 1. ఫోన్ నేలను ఎలా గుర్తుపడుతుంది?

ఇది తెలియకపోతే తర్వాత వచ్చే ఇబ్బందులు ఏవీ అర్థం కావు. రెండు నిమిషాలు ఆగి చదవండి.

ఫోన్‌కు మొదట నేల అంటే ఏమిటో తెలియదు. కెమెరా దృశ్యంలో చిన్న చిన్న గుర్తులను వెతుకుతుంది: బండ మీద మచ్చ, చాప అంచు, గోడ మూల. మీరు ఫోన్‌ను పక్కకు జరిపినప్పుడు ఒక్కో గుర్తు ఎంత కదిలిందో చూస్తుంది. అదే సమయంలో లోపలి జైరోస్కోప్, యాక్సిలరోమీటర్ ఫోన్ ఎటు తిరిగిందో, ఎంత జరిగిందో చెబుతాయి. ఈ రెండూ కలిపి ఆ గుర్తులు ఎంత దూరంలో ఉన్నాయో లెక్క కడుతుంది. చాలా గుర్తులు ఒకే మట్టంలో కనిపిస్తే 'ఇది నేల' అని తీర్మానిస్తుంది. యాప్‌లు మొదట "ఫోన్‌ను మెల్లగా కదపండి" అని అడిగేది ఇందుకే.

మన హైదరాబాద్ ఇళ్లలో ఇది తేడా కొట్టే చోటు నేలే. పాత ఇళ్లలోని తాండూరు, షాబాద్ బండల మీద మచ్చలు, గీతలు, అతుకులు బోలెడు ఉంటాయి, ఫోన్ ఇట్టే పట్టేస్తుంది. కొత్త ఫ్లాట్లలోని తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ నునుపుగా, మచ్చ లేకుండా ఉంటాయి. పైగా ట్యూబ్‌లైటు, కిటికీ వాటిలో ప్రతిబింబిస్తాయి. ప్రతిబింబం మనతోపాటే కదులుతుంది కాబట్టి దాన్ని గుర్తుగా పట్టుకుంటే ఫోన్ లెక్క తప్పుతుంది. పెట్టె నేల మీద జారుతున్నట్టో, గాల్లో తేలుతున్నట్టో కనిపించేది అప్పుడే.

నివారణ తేలిక. నేల మీద ఒక దినపత్రికో డోర్ మ్యాటో పరిచి, ఫోన్‌ను దాని వైపు చూపమనండి. ఈ సలహా మీ పేజీలోనే రాసిపెట్టండి, సగం ఫిర్యాదులు రావు.

## 2. ఏ పనికి ఏ రకం?

ఏఆర్ అంటే ఒకటే పద్ధతి అనుకుని తప్పు పద్ధతి పట్టుకుంటే పని రెండింతలవుతుంది.

నేల మీద నిలిపేది. ఫర్నిచర్, ఫ్రిజ్, కూలర్, పూలకుండీలు, క్లాసులో పిల్లలకు చూపే గుండె నమూనా. ఈ మార్గదర్శి దీని గురించే.

బొమ్మను గుర్తుపట్టేది. పెళ్లి కార్డు మీద ఫోన్ పెడితే వధూవరుల వీడియో ఆడటం, పాఠ్యపుస్తకం బొమ్మ మీద త్రీడీ నమూనా లేవడం. దీని గురించి 9వ భాగంలో కొంత చెబుతాను.

ముఖం మీద, చేతి మీద నిలిపేది. కళ్లజోళ్లు, ముక్కుపుడకలు, గాజులు. స్నాప్‌చాట్ లెన్స్ స్టూడియో లాంటివాటితో నేర్చుకోవచ్చు. గాజులను చేతికి అతికించడం మాత్రం కష్టం, మొదటి ప్రాజెక్టుగా వద్దు.

చోటును బట్టి నిలిచేది. గూగుల్ మ్యాప్స్‌లో నడిచే దారిని బాణాలతో చూపే లైవ్ వ్యూ ఈ రకం. గోల్కొండ మీద పాత కట్టడాలను నిలబెట్టి చూపాలని చాలామంది విద్యార్థులకు ఆశ. మంచి ఆశే. కానీ జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకుంటే బొమ్మ కొన్ని మీటర్లు పక్కకు పోతుంది, పాతబస్తీ ఇరుకు సందుల్లో ఇంకా పోతుంది. గూగుల్ జియోస్పేషియల్ ఏపీఐ అనే సాధనం కెమెరా దృశ్యాన్ని స్ట్రీట్ వ్యూ (గూగుల్ కారు రోడ్ల మీద తిరిగి తీసిన) చిత్రాలతో పోల్చి చోటును సరిచేసుకుంటుంది. 2022 జులైలో స్ట్రీట్ వ్యూ మొదలైన పది భారతీయ నగరాల్లో హైదరాబాద్ ఉంది కాబట్టి ఆ కారు తిరిగిన రోడ్ల మీద ప్రయత్నించవచ్చు, కోట లోపలి మెట్ల మీద అదే ఫలితం ఆశించకండి. చార్మినార్‌తో ఇంకో చిక్కు ఉంది. నాలుగు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కట్టడం రూపాన్నే గుర్తుగా పెట్టుకుంటే తాను ఏ వైపు ఉన్నదీ ఫోన్‌కు తేలదు. ఈ రకాన్ని రెండో ఏడాదికి పెట్టుకోండి.

## 3. ఫోన్, ల్యాప్‌టాప్ సరిపోతాయా?

ఐఫోన్ అయితే 6ఎస్, ఆ తర్వాత వచ్చినవి ఏఆర్‌కిట్‌ను (ఆపిల్ ఏఆర్ సాఫ్ట్‌వేర్) నడుపుతాయి. ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో 'గూగుల్ ప్లే సర్వీసెస్ ఫర్ ఏఆర్' వెతకండి. ఇన్‌స్టాల్ అయితే పని జరుగుతుంది. మీ ఫోన్‌కు పనికిరాదని వస్తే ఇక ప్రయత్నించి లాభం లేదు. జైరోస్కోప్ లేని చవక ఫోన్లలో ఇది నడవదు. కొనేవాళ్లలో అలాంటి ఫోన్లున్నవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల కోసం ఏం చేయాలో 7లో చెబుతాను.

ఐఫోన్ 12 ప్రో నుంచి ప్రో మోడళ్లలో లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) ఉంటుంది. ఉంటే కొలతలు త్వరగా దగ్గరికి వస్తాయి, లేకపోయినా ఆగిపోవాల్సిన పని లేదు.

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే ఈ పనికి కావాల్సిన బ్లెండర్ (త్రీడీ మోడల్ దిద్దే సాఫ్ట్‌వేర్) నడుస్తుంది. బ్లెండర్ ఉచితం. మూడు బటన్ల మౌస్ ఒకటి కొనుక్కోండి, టచ్‌ప్యాడ్‌తో బ్లెండర్ నేర్చుకుంటే తలప్రాణం తోకకొస్తుంది. ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో మామూలు మౌస్‌లు చవగ్గా దొరుకుతాయి.

## 4. మొదటి వస్తువును ఎంచుకోవడం

చాలామంది ఇక్కడే ఓడిపోతారు. దుకాణంలో అన్నిటికంటే అందమైనదాన్ని ఎంచుకుంటారు, అది అన్నిటికంటే మెరిసేది అయి ఉంటుంది. లాడ్ బజార్ లక్క గాజులు, బిద్రీ కూజా, స్టీలు బిందె, అద్దాల బీరువా: ఫోటోలతో త్రీడీ చేయడానికి ఇవేవీ పనికిరావు. మీరు జరిగిన ప్రతిసారీ వాటి మీద మెరుపు చోటు మారుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ మెరుపును వస్తువులో భాగం అనుకుని గుంటలు, బొడిపెలు పుట్టిస్తుంది.

పాత చెక్క భోషాణం మొదటి ప్రయత్నానికి చక్కగా కుదురుతుంది. పాలిష్ తగ్గిన చెక్క, ప్రతి పలక మీద వేరే గీత, నాలుగు మూలలూ స్పష్టం. ఇలా చూసుకోండి:

- మెరుపు లేదు, అద్దం లేదు, లోపలికి కనిపించదు.
- సన్నటి ఊచలు, తాళ్లు, పేము అల్లిక లేవు.
- చుట్టూ మూడు నాలుగు అడుగుల ఖాళీ దొరుకుతుంది.
- ఫోటోలు తీస్తున్నంతసేపూ ఎవరూ జరపరు.
- ముందు, వెనక, పక్కలు ఒకేలా లేవు.

ఇత్తడి గొళ్లెం, మేకులు మెరుస్తుంటే వాటి మీద మాత్రం కాస్త టాల్కమ్ పౌడర్ పలుచగా అద్దండి, తర్వాత పొడిగుడ్డతో తుడిచేయొచ్చు. అమ్మకానికి పెట్టిన వస్తువైతే యజమానిని అడిగాకే చేయండి.

## 5. ఫోటోలు తీయడం

మోడల్ బాగా వచ్చేదీ చెడేదీ ఇక్కడే. తర్వాత కంప్యూటర్ మీద గంటలు కూర్చున్నా చెడ్డ ఫోటోలను బాగుచేయలేరు. తొందర పడకండి.

వెలుతురు. నేరుగా ఎండ వద్దు, ఫ్లాష్ వద్దు. ఎండలో తీస్తే నల్లటి నీడ చెక్క మీద అచ్చుగుద్దినట్టు ఉండిపోతుంది. కొనేవాళ్ల హాల్లో దీపం ఇంకో వైపు ఉంటే ఆ నీడ అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. మబ్బు పట్టిన రోజు, లేదా వరండాలో ఎండ పడని సమయం మంచిది. దుకాణం లోపలే తీయాల్సి వస్తే షట్టర్ పూర్తిగా ఎత్తి, లైట్లన్నీ వేసి, వస్తువు మీద ఒకే వైపు నుంచి వెలుగు పడకుండా చూసుకోండి.

నేల. పెట్టె కింద, చుట్టూ పాత దినపత్రికలు పరవండి. అక్షరాలు, ఫోటోలు నిండిన పేజీ సాఫ్ట్‌వేర్‌కు వందల గుర్తులు ఇస్తుంది. మెరిసే టైల్స్ మీద ఇది తప్పనిసరి. పత్రికలు ఎగిరితే మొత్తం చెడుతుంది, ఫ్యాన్ ఆపి అంచులకు టేపు అంటించండి.

కొలతలు. కెమెరా తీయకముందే టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకోండి. అడుగుల్లో కొలిస్తే మీటర్లలోకి మార్చి పక్కనే రాయండి. ఒక అడుగు 30.48 సెంటీమీటర్లు. మూడున్నర అడుగుల పొడవంటే 1.067 మీటర్లు. పాత చెక్క పెట్టెలు పైన, కింద ఒకే వెడల్పు ఉండవు, పైమూత పొడుచుకు వస్తుంది. ఎక్కడ కొలిచారో చిన్న బొమ్మ గీసి పెట్టుకోండి.

తీసే వరుస.

1. ఫోన్ తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. జూమ్ ముట్టుకోవద్దు, పోర్ట్రెయిట్ మోడ్ వద్దు.
2. పెట్టె మధ్య ఎత్తులో ఫోన్ పట్టుకుని, చుట్టూ తిరుగుతూ చిన్న అడుగుకొక ఫోటో తీయండి. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు తర్వాతి ఫోటోలోనూ కనపడాలి.
3. ఫోన్‌ను తల ఎత్తులో పట్టి, కిందికి వంచి ఇంకో చుట్టు.
4. మోకాలి కిందికి దించి, కొంచెం పైకి చూపుతూ మూడో చుట్టు. కాళ్లు, కింది అంచు ఈ చుట్టులోనే వస్తాయి. ఎక్కువమంది వదిలేసేది ఇదే.
5. గొళ్లెం, చెక్కడం ఉన్న పలక లాంటి చోట్లకు మెల్లగా దగ్గరవుతూ కొన్ని. ఒక్కసారిగా దగ్గరికి వెళ్తే ఆ ఫోటోలు మిగతావాటితో అతకవు.

మొత్తం 60 నుంచి 100 ఫోటోలు సరిపోతాయి. మసకగా వచ్చినవి అక్కడే తీసేసి, ఆ కోణంలో మళ్లీ తీయండి.

మీరు నిలబడి పెట్టెను తిప్పడం మాత్రం చేయొద్దు. వెనక గోడ కదలకుండా పెట్టె ఒక్కటే కదిలితే, దేన్ని నమ్మాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన మోడల్ వస్తుంది.

## 6. మోడల్ తయారీ, బ్లెండర్‌లో దిద్దుబాటు

పాలీక్యామ్, రియాలిటీస్కాన్, కిరి ఇంజిన్ లాంటి యాప్‌లు ఫోటోలను తీసుకుని త్రీడీ మోడల్ ఇస్తాయి. ఏది వాడినా, ఉచిత ఖాతాలో 'జీఎల్‌బీ' ఫైల్‌ను (త్రీడీ మోడల్ ఫైల్ రకం) దించుకోనిస్తుందా లేదా ముందే చూసుకోండి. ఫోటోలన్నీ ఎక్కించాక డబ్బు అడిగితే ఆ శ్రమ వృథా. అప్‌లోడ్‌కు డేటా బాగా ఖర్చవుతుంది, వైఫై ఉన్నచోట చేయండి.

వచ్చిన మోడల్ చుట్టూ దినపత్రికలు, గోడ ముక్కలు వేలాడుతూ ఉంటాయి. పెట్టె కొలత కూడా తప్పే ఉంటుంది. ఫోటోలకు ఆకారం తెలుస్తుంది కానీ పరిమాణం తెలియదు. బొమ్మ పెట్టె అయినా, అసలు పెట్టె అయినా ఫోటోలో ఒకటే. అందుకే ఆ టేపు కొలతలు.

బ్లెండర్‌లో ఈ వరుస మార్చకండి:

1. ఎడిట్ మోడ్‌లో నేల, పత్రికలు, గోడ ముక్కలు తొలగించండి.
2. పెట్టె వాలుగా ఉంటే నిటారుగా తిప్పండి. ముందు వైపు న్యూమరిక్ కీప్యాడ్‌లో 1 నొక్కినప్పుడు ఎదురుగా కనపడాలి.
3. 'ఎన్' నొక్కి డైమెన్షన్స్‌లో పొడవు చూడండి. అక్కడ 0.82 మీటర్లు ఉండి, మీ కొలత 1.067 అయితే, 1.067ను 0.82తో భాగిస్తే 1.301 వస్తుంది. 'ఎస్' నొక్కి 1.301 కొట్టి ఎంటర్ చేయండి.
4. ఇప్పుడు ఎత్తు, వెడల్పు మీ కాగితంతో సరిపోయాయా చూడండి. సెంటీమీటరు తేడా ఫర్వాలేదు. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే స్కానే వంకర పోయింది. ఒక్క పక్కే సాగదీసి సరిపెట్టకండి, ఫోటోలు మళ్లీ తీయండి.
5. పెట్టె అడుగు గ్రిడ్‌ను (బ్లెండర్‌లో నేలలా కనిపించే గళ్లను) తాకేలా, మధ్యభాగం గ్రిడ్ మధ్యలో ఉండేలా జరపండి.
6. కంట్రోల్, ఏ కలిపి నొక్కి 'ఆల్ ట్రాన్స్‌ఫార్మ్స్' ఎంచుకోండి. ఇది వదిలేస్తే స్క్రీన్ మీద అంతా సరిగానే కనిపించినా, ఫోన్‌లో పెట్టె తలకిందులవడం, నేలలో దిగబడటం చూడాల్సి రావచ్చు.
7. డెసిమేట్ మాడిఫైయర్‌తో మోడల్ ఉపరితలంలోని త్రిభుజాల సంఖ్య తగ్గించండి. పెట్టె లాంటి వస్తువుకు 50 వేలు చాలు. తగ్గిస్తూ అంచులు చూడండి, మూలలు కరిగినట్టు అయితే ఒక మెట్టు వెనక్కి రండి.
8. ఇమేజ్ ఎడిటర్‌లో టెక్స్చర్‌ను (మోడల్ మీద అతికిన చిత్రం) 2048 × 2048కు కుదించండి.
9. ఫైల్, ఎక్స్‌పోర్ట్, జీఎల్‌టీఎఫ్ 2.0. ఫార్మాట్ జీఎల్‌బీ, చిత్రాలకు జేపెగ్, 'సెలెక్టెడ్ ఆబ్జెక్ట్స్' టిక్.

ఫైల్ 5 ఎంబీ దాటకుండా చూడమంటాను. ఇంట్లో వైఫై మీద 15 ఎంబీ కూడా దిగుతుంది, కానీ మీ కస్టమర్ మెట్రోలో వెళ్తూ లింకు నొక్కవచ్చు. తెర మీద గుండ్రం తిరుగుతుంటే ఎవరూ ఆగరు. సైజు ఇంకా ఎక్కువ ఉంటే త్రిభుజాలకంటే ముందు టెక్స్చర్ చూడండి, బరువు ఎక్కువగా అందులోనే ఉంటుంది.

## 7. లింకు తయారు చేయడం

వెబ్ పేజీలో త్రీడీ మోడల్ చూపడానికి గూగుల్ తెచ్చిన 'మోడల్ వ్యూయర్' ఉచితం. దాని సైటులో ఒక ఎడిటర్ ఉంది. మీ జీఎల్‌బీ ఫైల్‌ను అందులోకి లాగి వదిలితే పేజీలో పెట్టాల్సిన కోడ్ తానే రాసిపెడుతుంది. కాపీ చేసి మీ పేజీలో అతికించడమే. సొంత వెబ్‌సైటు లేకపోతే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు.

ఆండ్రాయిడ్‌లో ఏఆర్ బటన్ నొక్కగానే గూగుల్ సీన్ వ్యూయర్ తెరుచుకుంటుంది, ఐఫోన్‌లో క్విక్ లుక్. ఐఫోన్‌కు కావాల్సింది 'యూఎస్‌డీజడ్' ఫైల్. మీరు ఇవ్వకపోతే మోడల్ వ్యూయర్ అప్పటికప్పుడు తయారు చేస్తుంది. బ్లెండర్ కొత్త వెర్షన్లలో మీరే దాన్ని తయారు చేసి పక్కన పెడితే రంగులు ఎలా వచ్చాయో ముందే చూసుకోవచ్చు.

తప్పక చూసుకోవాల్సినవి కొన్ని:

- స్కేల్ 'ఫిక్స్‌డ్' పెట్టండి. ఇది పెట్టకపోతే కొనేవాళ్లు రెండు వేళ్లతో పెట్టెను చిన్నదిగా చేసి, మూలలో సరిపోయిందని అనుకుంటారు. డెలివరీ రోజున గొడవ. ఫర్నిచర్‌కు ఇదే ప్రాణం.
- చిరునామా 'హెచ్‌టీటీపీఎస్'తో మొదలవ్వాలి.
- ఫైల్ పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు వద్దు. చిన్న బడి అక్షరాల ఇంగ్లిష్‌లో పేరు పెట్టండి.
- బటన్ మీద "మీ ఇంట్లో పెట్టి చూడండి" అని తెలుగులో రాయండి. ఏఆర్ అని రాస్తే చాలామందికి ఏం జరుగుతుందో తెలియక నొక్కరు.
- పక్కనే పొడవు, వెడల్పు, ఎత్తు అంకెల్లో, అడుగుల్లో కూడా ఇవ్వండి.

ఏఆర్ నడవని ఫోన్ ఉన్నవాళ్లకు అదే పేజీలో వేలితో తిప్పి చూసే త్రీడీ బొమ్మ కనిపిస్తుంది, వాళ్లూ ఉత్తచేతులతో వెళ్లరు.

ఇంకో సంగతి. ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌లలో లింకు నొక్కితే వాటి లోపలి బ్రౌజరే తెరుచుకుంటుంది, అక్కడ ఏఆర్ బటన్ తరచు పనిచేయదు. "క్రోమ్‌లో గానీ సఫారీలో గానీ తెరవండి" అని బయోలోనే రాయండి.

## 8. సుద్దముక్క పరీక్ష

లింకు ఎవరికీ పంపకముందు ఇది చేయండి. నేల మీద సుద్దముక్కతో పెట్టె అడుగు కొలతకు ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఫోన్‌లో లింకు తెరిచి, పెట్టెను ఆ గీతల మధ్య పెట్టండి. నాలుగు మూలలూ గీతల మీద కూర్చోవాలి. చుట్టూ ఒకసారి నడిచి రండి, తిరిగొచ్చేసరికి పెట్టె గీత దాటి జరిగిందా చూడండి. అసలు పెట్టె పక్కనే ఉంటే ఇంకా మంచిది, ఎత్తు కూడా కంటితో పోల్చుకోవచ్చు.

తాండూరు బండల మీద, తెల్ల టైల్స్ మీద, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద, కనీసం ఒక ఆండ్రాయిడ్‌తో ఒక ఐఫోన్‌తో చూడండి. అప్పుడు ఎదురయ్యేవి సాధారణంగా ఇవే:

పెట్టె ఇంటికంటే పెద్దగా వచ్చింది, లేదా అగ్గిపెట్టంత వచ్చింది. మీటర్లకు, సెంటీమీటర్లకు మధ్య పొరపాటు. 6లో మూడో మెట్టు నుంచి మళ్లీ చేయండి.

గాల్లో తేలుతోంది. పెట్టె అడుగు గ్రిడ్ మీద లేదు, లేదా కింద ఒక దినపత్రిక ముక్క మిగిలిపోయింది. బ్లెండర్‌లో కింద నుంచి చూడండి, చిన్న ముక్క కూడా తేడా తెస్తుంది.

జారుతోంది. నేల నునుపు, లేదా వెలుతురు చాలదు. లైటు వేసి, చాప పరిచి చూడండి. అన్ని నేలల మీదా జారితే ఫోన్ కెమెరా అద్దం తుడిచి చూడండి, వేలిముద్రల జిడ్డు చాలాసార్లు కారణం.

ఐఫోన్‌లో నల్లగా, ఆండ్రాయిడ్‌లో మామూలుగా ఉంది. యూఎస్‌డీజడ్‌లో టెక్స్చర్ చేరలేదు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.

బటనే రావడం లేదు. లింకు యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరిచారు, లేదా హెచ్‌టీటీపీఎస్ లేదు, లేదా ఆ ఫోన్‌లో ఏఆర్ లేదు. ఇదే వరుసలో చూడండి.

## 9. క్యూఆర్ కోడ్, పెళ్లి కార్డు

దుకాణంలో పెట్టె మీద అంటించే క్యూఆర్ కనీసం మూడు సెంటీమీటర్లుండాలి, చుట్టూ తెల్ల అంచు వదలాలి. మెరిసే లామినేషన్ వద్దు, మ్యాట్ చేయించండి. లింకు మారినా క్యూఆర్ మారకుండా ఉండాలంటే మీ సొంత పేజీ చిరునామాతోనే తీయించండి. ఉచిత క్యూఆర్ సైట్లు ఇచ్చే మధ్యవర్తి లింకులు ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

పెళ్లి కార్డు మీద ఏఆర్ కావాలంటే పద్ధతి వేరు. అక్కడ ఫోన్ వెతికేది నేలను కాదు, ముద్రించిన బొమ్మను. మైండ్‌ఏఆర్ అనే ఉచిత లైబ్రరీతో బ్రౌజర్‌లోనే చేయొచ్చు. అసలు విషయం బొమ్మ ఎంపికలో ఉంది. పోచంపల్లి ఇక్కత్ డిజైన్ కార్డుకు ఎంత అందమో, గుర్తుపట్టడానికి అంత కష్టం. అదే ఆకారం వరుసగా తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి ఏ ముక్క ఎక్కడిదో ఫోన్ తేల్చుకోలేదు. చేర్యాల బొమ్మల్లాంటి చిత్రమైతే మనుషులు, చెట్లు, ఎడ్లబండ్లు ఒకదానిలా ఒకటి ఉండవు, వెంటనే పట్టేస్తుంది. ఇక్కత్ అంచు వదులుకోలేకపోతే, దాన్ని అంచుగానే ఉంచి మధ్యలో అలాంటి బొమ్మ పెట్టించండి.

ఏఆర్‌కోర్‌తో (ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ ఏఆర్ సాఫ్ట్‌వేర్) యాప్ చేసేవాళ్లకు గూగుల్ 'arcoreimg' అనే చిన్న సాధనం ఇస్తుంది. అది బొమ్మకు 0 నుంచి 100 వరకు మార్కులేస్తుంది, 75 దాటితే మంచిది. బొమ్మ ఫైల్ కనీసం 300 × 300 పిక్సెళ్లుండాలి. మొదటిసారి పట్టుకోవాలంటే కెమెరా దృశ్యంలో నాలుగో వంతయినా బొమ్మ ఆక్రమించాలి, కాబట్టి కార్డు మూలలో చిన్న ముద్రలా వేయకండి. ఛత్తా బజార్‌లో కార్డులు అచ్చు వేయిస్తే ముందు ఒక్క నమూనా తీయించుకుని ఫోన్‌తో పరీక్షించాకే మిగతావి వేయమనండి. బంగారు రేకు ముద్ర పడిన చోటు వెలుగుకు మెరిసి గుర్తును చెడగొడుతుంది. రేకును అక్షరాల వరకే ఉంచమని చెప్పండి.

## 10. అనుమతులు, జాగ్రత్తలు

చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. ట్రైపాడ్, డ్రోన్ తీసుకెళ్లి స్కాన్ చేయాలనుకుంటే ముందే అనుమతి తీసుకోండి.

ముఖం మీద నిలిపే ఏఆర్ చేస్తే, ఆ ఫోటోలు ఫోన్‌లోనే ఉంటాయా, మీ సర్వర్‌కు వస్తాయా అన్నది పేజీలో స్పష్టంగా చెప్పండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, అనుమతి అడగకుండా ముఖాలు దాచిపెట్టుకోవడం కుదరదు.

పేజీలో పెట్టిన జీఎల్‌బీ ఫైల్‌ను తెలిసినవాళ్లు దించుకోగలరు. మీదే అయిన కొత్త డిజైన్ బయటికి పొక్కకూడదనుకుంటే దాన్ని ఈ పద్ధతిలో పెట్టకండి.

తెర చూస్తూ వెనక్కి నడుస్తారు కాబట్టి మెట్లు, బాల్కనీ దగ్గర జాగ్రత్త అని ఒక్క వాక్యం పేజీలో రాయండి. పిల్లలున్న ఇళ్లలో ఇది మరీ అవసరం.

## 11. ఎప్పుడు యాప్ కావాలి, ఏ కోర్సులో చేరాలి?

ఒక వస్తువును చూపడం, రంగు మార్చి చూపడం వరకు లింకే చాలు. గదిలో పది వస్తువులు ఒకేసారి అమర్చాలన్నా, యంత్రం విప్పే వరుసను మెకానిక్‌కు దశలవారీగా చూపాలన్నా, ఆట చేయాలన్నా యాప్ కావాలి. దానికి యూనిటీ (ఆటలు, యాప్‌లు చేసే సాఫ్ట్‌వేర్), అందులోని ఏఆర్ ఫౌండేషన్ నేర్చుకోవాలి. అదే ప్రాజెక్టు ఆండ్రాయిడ్‌లో ఏఆర్‌కోర్ మీద, ఐఫోన్‌లో ఏఆర్‌కిట్ మీద నడుస్తుంది. సీ షార్ప్ భాషలో కోడ్ రాయడం వచ్చి ఉండాలి, అది రాకుండా నేరుగా ఏఆర్ క్లాసులో కూర్చుంటే అర్థం కాదు.

అమీర్‌పేటలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఫీజు కట్టేముందు సిలబస్ కాగితం చేతికి తీసుకుని ఇవి చూడండి:

- అందులో 'మెటా స్పార్క్' ఉంటే ఆ సిలబస్ పాతది. బయటివాళ్లు ఫిల్టర్లు చేసే ఆ వేదికను మెటా 2025 జనవరి 14న మూసేసింది.
- బ్లెండర్ ఉందా? సొంతంగా మోడల్ దిద్దడం రాకపోతే ప్రతి వస్తువుకూ ఇంకొకరి మీద ఆధారపడాలి.
- ప్రాక్టికల్స్ ఫోన్ మీద చేయిస్తారా, కంప్యూటర్ తెర మీద సిమ్యులేషన్ చూపి వదిలేస్తారా?
- కోర్సు చివర మీ ఫోన్‌లో నడిచే సొంత ప్రాజెక్టు చేతికొస్తుందా?

డెమో క్లాసుకు వెళ్లినప్పుడు మీ జీఎల్‌బీ ఫైల్ తీసుకెళ్లండి. దాన్ని యూనిటీలో పెట్టి, మీ ఫోన్‌లో నేల మీద నిలబెట్టి చూపమని అడగండి.